చెవిలో హోరా? ఎవరిదైనా గొంతా?

‘‘మాటలేమైనా వినిపిస్తున్నాయా?’’

సైకోసిస్, అంటే లేని మాటలు వినిపించి లేనివి నిజమనిపించే మనసు జబ్బు, వచ్చి తగ్గిన మనిషికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మందుల చీటీ కోసం వెళ్ళిన ప్రతిసారీ నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా అన్న వాటి నడుమ ఇదీ వచ్చి పోతుంది. పక్క కుర్చీలో అమ్మో, అన్నో, భార్యో ఉంటారు. లేదండీ అంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అవునండీ అంటే పక్కవాళ్ళ మొహాల్లో రంగు మారుతుంది, చీటీలో మోతాదు మారుతుంది.

అవుననో కాదనో తేల్చి చెప్పలేని స్థితి ఒకటుంది. మాటలు ఆగిపోయి నెలలైంది. చదువుకో ఉద్యోగానికో మళ్ళీ వెళ్తున్నారు. కానీ రాత్రి లైటు తీసేసి తలగడ మీద తల ఆన్చేసరికి చెవిలో సన్నగా కుయ్యిమని మొదలవుతుంది. అది మాట కాదు. తిట్టు కాదు, ఆజ్ఞ కాదు. అయినా బయట లేని చప్పుడు లోపల వినబడుతోంది కదా! మళ్ళీ అదే మొదలైందా? చెబితే ఆస్పత్రిలో చేర్చేస్తారా? చెప్పకుండా ఊరుకుంటే చేయి దాటిపోతుందా? పైకి ‘లేదండీ’ అనేసి, లోపల ఈ లెక్కలు వేసుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉండేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఆ మేలుకోవడమే వాళ్ళకు అసలు ముప్పు. సైకోసిస్ తిరగబెట్టే ముందు చాలామందిలో మొదట చెడేది నిద్రే.

చెవి హోరుకూ, లేని గొంతులు వినపడటానికీ తేడా పట్టుకోవడం చాలా సందర్భాల్లో కష్టమేమీ కాదు. ఆ తేడాను కూర్చోబెట్టి చెప్పేవాళ్ళే తక్కువ. చెవి డాక్టరు చెవి వరకు చూస్తారు, మనసు డాక్టరు మనసు వరకు చూస్తారు. ఈ రెండు గదుల మధ్య వరండాలో నిలబడిపోయిన మనిషి కోసమే ఈ కథనం.

హోరు ఎవరికైనా రావచ్చు

బయట ఏ ఆధారమూ లేకుండా చెవిలోనో తలలోనో వినిపించే చప్పుడును వైద్యులు టినిటస్ అంటారు. మన ఇళ్ళల్లో దీనికి పేర్లకు కొదవ లేదు: చెవిలో హోరు, రొద, గింగురుమనడం, గుయ్యిమనడం, ఈల వేసినట్టుండటం, కీచురాయి కూసినట్టుండటం. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో 28 చెవి రోగాలు చెబితే అందులో కర్ణనాదం ఒకటి, కర్ణక్ష్వేడం ఇంకొకటి. ఉన్మాదానికి అదే ఉత్తర తంత్రంలో వేరే అధ్యాయం ఉంది. చెవిలో మోతను చెవి జబ్బుగానే చూడాలన్న విడదీత అంత పాతది.

2022లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్ళలో దాదాపు 14 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు టినిటస్ అనుభవమైంది. అంటే 74 కోట్ల మందికి పైమాటే. అందులో 12 కోట్ల మందికి పైగా తీవ్రంగా బాధపడుతున్నారు. ఇంకా పాత సంగతి ఒకటుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని ఒక్కొక్కరిగా చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏం వినిపిస్తే అది చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపిస్తోందన్నారు. హోరు, ఈల, గుయ్యిమనడం, ఇలాంటివే. వాళ్ళలో ఎవరికీ జబ్బు లేదు. పూర్తి నిశ్శబ్దం దొరికితే చాలు, చెవి తన చప్పుడు తాను వినడం మొదలుపెడుతుంది.

దీని వెనక ఉన్నది భయపెట్టే విషయమేమీ కాదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. బయటి ధ్వనిని విద్యుత్ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపే పని వాటిది. మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. పెద్ద మోతల వల్లో, వయసు వల్లో, మందుల వల్లో కొన్ని దెబ్బతింటే ఆ మేరకు మెదడుకు కబురు తగ్గిపోతుంది. స్టేషను సరిగ్గా అందని రేడియోకి వాల్యూమ్ పెంచితే గరగర ఎక్కువైనట్టు, మెదడు తన వైపు నుంచి సున్నితత్వం పెంచుకుంటుంది. ఆ పెంపులో పుట్టేదే చాలామందికి వినిపించే ఈల. వేరే కారణాలకు చేసిన శస్త్రచికిత్సల్లో వినికిడి నరాన్ని కోసేసినా కొందరిలో హోరు ఆగలేదు. మొదలు చెవిలో ఉన్నా, దాన్ని నిలబెడుతున్నది మెదడని అర్థమైంది అందువల్లనే.

మరమగ్గాల షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన నేత కార్మికుడికి, పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెల పక్కనే నడిచే కుర్రాడికి, ఇయర్‌ఫోన్లు తీయకుండా నిద్రపోయే విద్యార్థికి హోరు వచ్చిందంటే వింత లేదు. చెవిలో గులిమి గట్టిపడినా వస్తుంది. జెంటామైసిన్, క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సరుకిచ్చే సిస్‌ప్లాటిన్, క్వినైన్, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడా కారణాలే. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందుల దుష్ప్రభావాల పట్టికలో టినిటస్ ఉంటుంది. నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే బెంజోడయజపిన్ మాత్రలు ఒక్కసారిగా ఆపేసినా చెవి గింగురుమనవచ్చు. ఈ చివరి రెండూ మానసిక చికిత్సలో ఉన్నవాళ్ళకే ఎక్కువ సంబంధించినవి. నిద్రలేమి, ఆందోళన హోరును పెంచుతాయి. ఇక ప్రతి చిన్న చప్పుడుకూ ఉలిక్కిపడి చెవి ఒగ్గే అలవాటు కూడా తోడైతే, మామూలు మనిషి పట్టించుకోని సన్నటి ఈల కూడా వీళ్ళకు రైలు కూతే. మనసుకు జబ్బు చేసిన మనిషికి చెవి జబ్బు రాకూడదని ఎక్కడా లేదు. రావడానికి దారులు ఇంకాస్త ఎక్కువే.

గొంతు సంగతి వేరు

గొంతుకు మాట ఉంటుంది. చాలాసార్లు మనిషి కూడా ఉంటాడు. జర్మన్ మానసిక వైద్యుడు కర్ట్ ష్నైడర్ స్కిజోఫ్రీనియాను గుర్తించడానికి ముఖ్యమనుకున్న లక్షణాల్లో మూడు గొంతులకు సంబంధించినవే. మనం చేసే పనిని పక్కనుండి వ్యాఖ్యానించే గొంతు, మన గురించి తమలో తాము వాదులాడుకునే గొంతులు, మన ఆలోచనే పైకి వినిపించడం. ‘వాడు లేచాడు, ఇప్పుడు నీళ్ళు తాగుతాడు’ అనే మాట మూడో మనిషి గొంతులో వినిపిస్తుంటే ఆ మనిషి తన ఇంట్లో తాను ఎంత ఒంటరి అయిపోతాడో ఊహించండి.

ఈ గొంతులు ఎక్కడివి? 1940ల చివర్లో లూయీ గౌల్డ్ అనే అమెరికన్ వైద్యుడు, గొంతులు వినే ఒక రోగి నోట వచ్చే అతి సన్నని గుసగుసను యంత్రంతో పెద్దది చేసి విన్నాడు. ఆమెకు ‘వినిపిస్తున్న’ మాటలూ, ఆమె నోరే పలుకుతున్న మాటలూ ఒకటే. 1993లో లండన్‌లో మెదడు స్కాన్లు తీసినప్పుడు, గొంతులు వినిపిస్తున్న సమయంలో బ్రోకా ప్రాంతానికి రక్తప్రసారం పెరిగినట్టు తేలింది. అది మాట పుట్టించే చోటు. మనం లోపల అనుకునే ప్రతి మాటకూ, చేసే ప్రతి కదలికకూ ‘ఇది నాదే’ అని మెదడు ఒక ముద్ర వేసుకుంటుంది. మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడానికి కారణం అదే. 2000లో వచ్చిన ఒక ప్రయోగంలో, గొంతులు వినే రోగులకు తమ చేతి స్పర్శా పరాయి చేతి స్పర్శా దాదాపు ఒకేలా అనిపించాయి. ఆ ముద్ర పడకపోతే సొంత మాటే పరాయి గొంతై వస్తుందన్నది ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మే వివరణ.

సొంత మాట కాబట్టే అది మనం పెరిగిన చోటి యాసలో వస్తుంది. మానవ శాస్త్రవేత్త తాన్యా లుహ్ర్‌మన్ బృందం అమెరికాలోని శాన్ మాటియో, ఘానా రాజధాని అక్రా, మన పక్కనున్న చెన్నై, ఈ మూడు చోట్లా 20 మంది చొప్పున రోగులతో మాట్లాడి 2015లో ఫలితాలు ప్రచురించింది. అమెరికా వాళ్ళకు గొంతులు ఎక్కువగా హింస గురించి చెప్పాయి. అక్రాలో చాలామంది దేవుడి గొంతు విన్నారు. చెన్నైలో సగం మందికి పైగా విన్నవి అమ్మ, నాన్న, అత్త, అన్న లాంటి సొంతవాళ్ళ గొంతులు. అవి పనులు చెప్పేవి, మందలించేవి. తెలుగు ఇళ్ళలో ఈ మాట ఎంత నిజమో అలాంటి మనిషిని దగ్గరగా చూసిన ఎవరినడిగినా చెబుతారు.

చెవిలో ఈలకు ఊరూ లేదు, పేరూ లేదు, వరసా లేదు.

ఒక్క స్వరం ఇద్దరిని నడిపించిన దారులు

సంగీత చరిత్రలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే జీవితాలు రెండున్నాయి.

చెక్ స్వరకర్త బెద్‌రిచ్ స్మెతనాకు 1874లో చెవిలో విపరీతమైన హోరు మొదలైంది. ఆ ఏడాది అక్టోబరుకల్లా పూర్తిగా వినికిడి పోయింది. ప్రపంచమంతా ఈనాటికీ వినే ‘వ్‌ల్తవా’ నది సంగీతాన్ని ఆ వెంటనే, చెవులు పోయాకే రాశాడు. 1876లో ‘నా జీవితం నుంచి’ అనే పేరుతో నాలుగు తంత్రీ వాద్యాలకు రాసిన రచన చివరి భాగంలో, ఉల్లాసంగా సాగుతున్న సంగీతం ఒక్కసారిగా తెగి, వయొలిన్ మీద తారస్థాయిలో ఒకే స్వరం గుచ్చినట్టు నిలబడుతుంది. తన చెవుడుకు ముందు మోగిన ఈల అదేనని ఆయనే చెప్పుకున్నాడు. హోరు ఎలా ఉంటుందో లోకానికి వినిపించిన మొదటి రోగుల్లో ఆయనొకడు. గమనించవలసింది ఏమిటంటే, ఆ స్వరం ఆయనకు ఏమీ చెప్పలేదు. దాని పని మోగడమే. తర్వాత పదేళ్ళకు ఆయనకు మతి కూడా చెడింది, 1884లో ప్రాగ్‌లోని మానసిక చికిత్సాలయంలోనే కన్నుమూశాడు. కానీ 1874 నాటి ఈల చెవిదే.

జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కథ కూడా ఒక్క స్వరంతోనే మొదలైంది. 1854 ఫిబ్రవరిలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక రాత్రి ఆయనకు ఒకే స్వరం ఎడతెగకుండా వినిపించసాగిందని భార్య క్లారా డైరీలో రాసుకుంది. అక్కడితో ఆగి ఉంటే అది చెవి హోరే అనుకునేవాళ్ళం. ఆగలేదు. కొద్ది రోజుల్లో అది భూమ్మీద ఎవరూ వినని వాద్యాల సంగీతమైంది. ఫిబ్రవరి 17 రాత్రి లేచి కూర్చుని, దేవదూతలు పాడి వినిపించారంటూ ఒక బాణీ రాసుకున్నాడు. తెల్లవారేసరికి ఆ దేవదూతలు పిశాచాలయ్యారు. నువ్వు పాపివి, నిన్ను నరకంలో పడేస్తామని అరిచారు. 27న షూమన్ రైన్ నదిలో దూకాడు. పడవల వాళ్ళు పైకి తీశారు. తనను చికిత్సాలయానికి పంపమని అంతకు ముందు రోజే తానే అడిగిన మనిషి, మార్చి 4న బాన్ దగ్గరి ఎండెనిక్‌కు వెళ్ళి, 1856 జులైలో అక్కడే పోయాడు.

ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ దేవదూతల బాణీ. అది షూమన్ కొత్తగా విన్నది కాదు. అంతకు ముందు ఏడాది తానే రాసిన వయొలిన్ కచేరీ రచనలో దానికి అతి దగ్గరి బాణీ ఉంది. సొంత బాణీని ఆయన గుర్తుపట్టలేకపోయాడు. లండన్ స్కాన్లకు దాదాపు 140 ఏళ్ళ ముందే, సొంత మాట పరాయి గొంతై రావడమంటే ఏమిటో ఒక సంగీతకారుడి కాగితం మీద రాసి పెట్టి ఉంది.

ఆ రెండు వారాల్లో గీత ఎక్కడ దాటిందో చూడండి. స్వరం పెద్దదైనప్పుడు కాదు. ఆయనను ఉద్దేశించి మాట్లాడటం మొదలైనప్పుడు.

పుస్తకాల పరీక్షలు ఎక్కడ తప్పుతాయి

తలలోపల వినిపిస్తే ఒకటి, బయటినుంచి వినిపిస్తే ఇంకొకటి అని చాలామంది చెబుతారు. పాత పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. దాన్ని నమ్ముకోవద్దు. గొంతులు వినే వాళ్ళలో చాలామందికి అవి తలలోపలే వినిపిస్తాయి. టినిటస్ మొదలైన తొలి రాత్రి చాలామంది లేచి ఫ్రిజ్ ఆపి చూస్తారు, దోమేమోనని దుప్పటి దులుపుతారు, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మోగుతోందేమోనని కిటికీ తీస్తారు. వాళ్ళకు అది బయటి చప్పుడే.

‘అది నిజం కాదని నాకు తెలుసు’ అనగలిగితే భ్రాంతి కాదన్న మాటా నిలవదు. చికిత్సలో ఉండి, ఈ గొంతు నా జబ్బుదే అని చక్కగా తెలిసి కూడా, గొంతు వింటూనే బతుకు నడుపుకునే వాళ్ళు ఎందరో.

మరి దేన్ని పట్టుకోవాలి? నా మటుకు మొదట అడగవలసింది, మాట ఉందా అని. ఉంటే ఎవరిది, మీతో అంటోందా, మీ గురించి అంటోందా, మీరు మనసులో ఏదైనా అనుకుంటే దానికి జవాబిస్తోందా, ఏదైనా చెయ్యమంటోందా? చెవి హోరు వీటిలో ఏదీ చెయ్యదు. మీరు బాధపడితే పెరగవచ్చు గానీ, మీ బాధ గురించి వ్యాఖ్యానించదు.

రెండోది, చుట్టూ ఉన్న చప్పుళ్ళతో దానికి ఉన్న పొత్తు. హోరు నిశ్శబ్దంలో పెరుగుతుంది, సందడిలో అణిగిపోతుంది. చెవులు గట్టిగా మూసుకుంటే ఇంకా బిగ్గరగా వినిపిస్తుంది. చాలామందిలో దవడ బిగించినా, మెడ తిప్పినా దాని స్థాయి మారుతుంది. ఆడియాలజిస్టు ఒక్కో ధ్వనిని వినిపిస్తూ పోతే, ‘ఆఁ, ఇదే, ఇంచుమించు ఇలాగే’ అని చాలామంది చూపించగలుగుతారు. గొంతును అలా కొలవలేం.

ఇక్కడ మన ఇళ్ళలోని సీలింగ్ ఫ్యాను మంచి సాక్షి. హోరు ఉన్న మనిషికి ఫ్యాను చప్పుడు ఉపశమనం, కరెంటు పోతేనే తిప్పలు. గొంతులు వినే వారిలో కొందరికి సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడుతో పాటు మాటలు, ఆపితే మాటలూ ఆగుతాయి. కుళాయి నీళ్ళు, మిక్సీ, రైలు చక్రాల చప్పుడు కూడా ఇలాగే పనిచేస్తాయి. వైద్యులు వీటిని ఫంక్షనల్ భ్రాంతులంటారు. ‘ఫ్యాను వేస్తే బాగుంటుందా, ఆపితే బాగుంటుందా?’ అని ఇంట్లో ఎవరైనా మామూలుగా అడగవచ్చు. అందులో నిందా లేదు, అనుమానమూ లేదు.

ఇంత చెప్పినా మూడో ప్రశ్న ఒకటి మిగులుతుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే, అందరూ మరిచిపోయేదీ అదే. ఆ చప్పుడు దేనివల్ల వస్తోందని మీరనుకుంటున్నారు? చెవిలో నిజంగానే టినిటస్ ఉండి, దానికి మనసు చెప్పే కారణం జబ్బుది కావచ్చు. ‘పక్కింటి వాళ్ళు మిషను పెట్టి పంపిస్తున్నారు’, ‘ఆస్పత్రిలో ఉన్నప్పుడు తలలో చిప్ పెట్టారు, దాని మోత ఇది’, ‘కుయ్యి ఆగి ఆగి వస్తోంది, నాకేదో సంకేతం’. అలాంటప్పుడు చెవి పరీక్షలో లోపం బయటపడినంత మాత్రాన మనసు డాక్టరు పని తీరిపోదు. సైకోసిస్ ఉన్నంత మాత్రాన చెవి డాక్టరు పనీ తీరిపోదు. ‘వయసుతో చెవి పాడైందేమో, చిరాగ్గా ఉంది’ అనే మనిషికీ, ‘వాళ్ళు నన్ను వదలరు’ అనే మనిషికీ వినిపిస్తున్నది ఒకే ఈల అయినా కావలసిన సాయం ఒకటి కాదు.

గీత మసకబారే చోట్లు

సైకోసిస్‌లో మాట లేని చప్పుళ్ళు కూడా వస్తాయి. తలుపు తట్టినట్టు, అడుగుల సవ్వడి, పక్క గదిలో నలుగురు గొణుగుతున్నట్టు. ఇవి ఎడతెగని ఈలలా ఉండవు, సంఘటనల్లా వచ్చిపోతాయి. కొద్ది సెకన్లో నిమిషాలో ఉండి, ప్రతిసారీ అచ్చం ఒకేలా వచ్చి, ఆ సమయంలో మనిషి పరధ్యానంలోకి వెళ్ళిపోతుంటే అది మెదడు కణత భాగంలో వచ్చే మూర్ఛ కావచ్చు. అప్పుడు న్యూరాలజిస్టు చూడాలి.

వినికిడి తగ్గిన పెద్దవాళ్ళలో కొందరికి చిన్నప్పటి పాటలు, భజనలు అలా మోగుతూనే ఉంటాయి. ఆలివర్ సాక్స్ 2007లో రాసిన ‘మ్యూజికోఫీలియా’లో ఇలాంటివాళ్ళ గురించి ఆప్యాయంగా రాశారు. వాళ్ళలో ఎక్కువమందికి మతి భేషుగ్గా ఉంటుంది. చెవుడుకూ గొంతులకూ మధ్య కూడా దారి ఉంది. నెదర్లాండ్స్‌లో 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వినికిడి లోపం ఉన్న వెయ్యి మందికి పైగా రోగుల్లో 16.2 శాతం మందికి శబ్ద భ్రాంతులున్నాయి. వినికిడి బాగున్న వాళ్ళలో 5.8 శాతమే. అంటే గొంతులు వినే మనిషికి కూడా చెవి పరీక్ష చేయించడం వృథా కాదు.

2017లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక గళ్ళ బొమ్మనూ ఒక సన్నని ధ్వనినీ పదే పదే కలిపి చూపించి, తర్వాత బొమ్మను మాత్రమే చూపించారు. చాలామంది లేని ధ్వనిని విన్నామన్నారు. మామూలుగా గొంతులు వినే అలవాటున్న వాళ్ళు ఇందులో చాలా ముందున్నారు. ఎదురుచూపు బలంగా ఉంటే మెదడు దాన్నే వినికిడిగా మార్చేస్తుందన్నమాట. కోలుకున్న మనిషి ‘మళ్ళీ వస్తుందేమో’ అని రాత్రంతా చెవి ఒగ్గి పడుకోవడం ఎంత చెరుపో దీన్నిబట్టి తెలుస్తుంది. ‘విను, వస్తోందా? ఇప్పుడు వస్తోందా?’ అని గంటకోసారి అడిగే ఇంటివాళ్ళు తెలియకుండానే ఆ ఎదురుచూపును పెంచుతున్నారు.

రెండు వైపులా జరిగే అన్యాయం

ఒకసారి ‘మెంటల్’ అన్న ముద్ర పడిన మనిషి తలనొప్పి అన్నా, గుండె దడ అన్నా, చెవి హోరన్నా ఇంట్లో మొదట వినపడే మాట ‘మాత్ర వేసుకున్నావా?’ అనే. వైద్యంలోనూ ఈ పొరపాటు కొత్త కాదు. హోరును గొంతుగా పొరబడి యాంటీసైకోటిక్ మోతాదు పెంచితే ఈల తగ్గదు. మత్తు, బరువు, చేతి వణుకు మాత్రం పెరుగుతాయి. అప్పుడా మనిషికి మందు మీదే నమ్మకం పోతుంది, చెప్పకుండా మానేస్తాడు. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, మొదటిసారి సైకోసిస్ వచ్చి కోలుకున్న 104 మందిని ఐదేళ్ళపాటు గమనించింది. మందు ఆపేసిన వాళ్ళలో తిరగబెట్టే ముప్పు దాదాపు 5 రెట్లు పెరిగింది. చెవి హోరును అర్థం చేసుకోకపోవడం అలా నిజమైన సైకోసిస్‌నే తెచ్చిపెట్టగలదు.

ఇంకో వైపు, గొంతులు మళ్ళీ మొదలైనా ‘చెవిలో గాలి పోయింది, హోరండీ’ అని దాచేవాళ్ళున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. నిజం చెప్పినప్పుడల్లా శిక్ష పడుతుందనిపిస్తే ఎవరైనా దాస్తారు. నిద్ర తగ్గడం, జనం మీద అనుమానం, గదిలోంచి బయటికి రాకపోవడం, తనలో తాను జవాబులు చెప్పుకోవడం కూడా కనిపిస్తుంటే హోరు అన్న మాటను అలా వదిలేయకూడదు.

చెవి పరీక్షకు వెళ్ళినప్పుడు

మానసిక చికిత్సలో ఉన్నా సరే, హోరు కొన్ని వారాలుగా ఉంటే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. గులిమి, కర్ణభేరి చూస్తారు, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయిస్తారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి లాంటి ప్రభుత్వ వైద్యశాలల్లోనూ ఈ పరీక్ష ఉంది. ఒక చెవిలోనే ఉండి తగ్గకపోయినా, గుండె కొట్టుకునే లయలో మోగినా స్కాన్ అవసరం పడుతుంది. మూడు రోజుల లోపల ఒక చెవి వినికిడి హఠాత్తుగా పడిపోతే మాత్రం ఆ రోజే వెళ్ళాలి.

ఆ సందర్భంలోనే మనసు జబ్బు సంగతి చెవి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. హఠాత్తు చెవుడుకు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్లు కొందరిలో మతిని కదిలించగలవు. రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు ప్రెడ్నిసోన్ తీసుకున్న వాళ్ళలో 1.3 శాతం మందికి, 80 మిల్లీగ్రాములు దాటిన వాళ్ళలో 18.4 శాతం మందికి మానసిక సమస్యలు వచ్చాయని 1972 నాటి బోస్టన్ అధ్యయనం చెప్పింది. ముందే తెలిస్తే డాక్టరు మందును కర్ణభేరి గుండా చెవిలోకే ఇంజెక్షన్‌గా ఇచ్చే మార్గం ఆలోచిస్తారు, మానసిక వైద్యుడితో ఫోన్లో మాట్లాడి కొన్నాళ్ళు గమనిస్తారు. వాడుతున్న మాత్రలన్నీ, ఈ మధ్య ఆపినవి కూడా, ఒక కాగితం మీద తేదీలతో రాసుకుని తీసుకెళ్ళండి. హోరు ఏ మందు మొదలుపెట్టాక వచ్చిందో, ఏది మానాక వచ్చిందో అందులోనే దొరకవచ్చు. దొరికినా సొంతంగా మాత్ర ఆపవద్దు.

హోరును మాయం చేసే బిళ్ళ ఇంతవరకు రాలేదు. జింకో మాత్రలు చాలా దుకాణాల్లో అమ్ముతారు గానీ, అమెరికన్ ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో వాటిని సిఫార్సు చేయవద్దని చెప్పింది. వినికిడి తగ్గి ఉంటే వినికిడి యంత్రం పెట్టుకున్నాక చాలామందికి హోరు అణిగిపోతుంది. పడుకునేటప్పుడు ఫ్యానో, సన్నని సంగీతమో, వాన చప్పుడో పక్కన ఉంచుకోవచ్చు. ఫ్యానులో మాటలు వినే వాళ్ళకు మాత్రం ఇది పనికిరాదు. హోరు పట్ల భయాన్ని తగ్గించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి గట్టి ఆధారాలున్నాయి. హోరు తగ్గకపోయినా దాని బాధ తగ్గుతుంది. గొంతులకూ అదే పేరుతో వేరే పద్ధతిలో చికిత్స ఉంది కాబట్టి, రెండూ తెలిసిన సైకాలజిస్టు దొరికితే మేలు.

ఇంట్లో అడిగే తీరు మారాలి. ‘మళ్ళీ వినిపిస్తున్నాయా ఏంట్రా?’ అన్న మాటలో తీర్పు ముందే ఉంది. ‘ఎలా ఉంటోందిరా ఆ చప్పుడు? ఈలలా ఉందా, ఎవరో అంటున్నట్టుందా?’ అంటే మనిషి ఆలోచించి చెబుతాడు. ‘ఎవరో అంటున్నట్టుంది’ అన్న జవాబును కూడా అమ్మ మొహంలో కంగారు లేకుండా వినగలిగితే, అది ఆమెకు ముందే అందుతుంది. అలా తెలిశాక వారాల తరబడి ఆలోచించనక్కర్లేదు, తర్వాతి అపాయింట్‌మెంటును ముందుకు జరుపుకుంటే సరిపోతుంది. గొంతు తనను తాను చంపుకోమనో, ఎవరికైనా హాని చెయ్యమనో చెబుతుంటే మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఏం చెయ్యాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.